చక్రానికీ రేకుకీ మధ్య... వేలెడు సందు!

ఆదివారం ఉదయం. హైదరాబాద్‌ అవుటర్‌ రింగ్‌రోడ్డు మీద ఓ కారు నల్లటి తివాచీ మీద జారినట్టు పోతోంది. ముందు సీట్లలో భార్యాభర్తలు. వెనక అమ్మ, ఇద్దరు పిల్లలు. డిక్కీలో అన్నం క్యారియర్లు, మంచినీళ్ల క్యాను, చాప. ఎప్పుడో కొనిపెట్టుకున్న ప్లాటు చుట్టూ నాటడానికి నాలుగు మామిడి మొక్కలు. కిందటి వారమే వేయించిన కొత్త అలాయ్‌ వీల్స్‌ ఎండకు తళతళలాడుతున్నాయి. టైర్లు కూడా పాతవాటి కంటే వెడల్పు. ‘ఇప్పుడు కారుకు ఓ కళ వచ్చింది’ అని అపార్టుమెంటులో అందరూ మెచ్చుకున్నారు.

అవుటర్‌ దిగి కోహెడ దారి పట్టారు. మొదటి స్పీడ్‌బ్రేకర్‌. ముందు చక్రాలు ఎక్కి దిగాయి, ఏమీ లేదు. వెనక చక్రాలు దిగుతుంటే మాత్రం... ‘స్‌ర్‌ర్‌క్‌’!

‘‘గా చప్పుడేంది బిడ్డా?’’ వెనక నుంచి అమ్మ అడిగింది.

‘‘ఏం లేదమ్మా, రాయి తగిలినట్టుంది.’’

రెండో స్పీడ్‌బ్రేకర్‌ దగ్గర మళ్లీ అదే చప్పుడు. మలుపు దగ్గర ఇంకోసారి. అన్ని రాళ్లు ఉండవు కదా!

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. వెడల్పాటి చక్రాలు వేయించుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కి, నగరం దాటి ఊరి దారి పట్టిన ఎన్నో కార్లలో వినిపించే చప్పుడే. రోజూ ఆఫీసుకు ఒక్కరే వెళ్లొస్తున్నంత కాలం అది బయటపడదు. నున్నటి అవుటర్‌ మీదా బయటపడదు. దాన్ని బయటపెట్టేది కోహెడ లాంటి ఊరి దారే.

అవుటర్‌ పక్కన ఊరు

కోహెడ అనగానే కొందరికి సిద్దిపేట జిల్లాలోని మండల కేంద్రం గుర్తొస్తుంది. ఈ కోహెడ అది కాదు. ఇది రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నం ప్రాంతంలో, హైదరాబాద్‌కు తూర్పు అంచున ఉంది. ఒకవైపు విజయవాడ రహదారి, మరోవైపు నాగార్జునసాగర్‌ రహదారి. రెండింటినీ కలుపుతూ పోయే అవుటర్‌కు చేరువలోనే ఊరు. పెద్దఅంబర్‌పేట దగ్గర దిగినా, బొంగుళూరు దగ్గర దిగినా ఊరి దారి పట్టొచ్చు. చుట్టూ ఎర్రమట్టి నేలలు, రాతి గుట్టలు. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు హద్దురాళ్లు పాతిన వెంచర్లు. ఆదివారం వచ్చిందంటే వాటిని చూసుకోవడానికి నగరం నుంచి కార్లు కదులుతాయి.

158 కిలోమీటర్ల అవుటర్‌ ఎనిమిది వరుసల రోడ్డు. 2023లో దాని మీద గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు. ఆ రోడ్డు మీద కారు స్ప్రింగులకు పెద్దగా పని ఉండదు. దిగాక లెక్క మారుతుంది. స్పీడ్‌బ్రేకర్లు, తారు లేచిపోయిన గుంతలు, రోడ్డు పక్క మట్టిలోకి దిగి మళ్లీ ఎక్కాల్సిన చోట్లు, ఎదురుగా లారీ వస్తే ఓ పక్కకు ఒరిగి నిలబడాల్సిన ఇరుకు మలుపులు! కారు తయారుచేసినవారు చక్రం చుట్టూ వదిలిన ఖాళీ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది.

పెరిగిన దానికి పాత చోటు సరిపోకపోవడం కోహెడకు కొత్త సంగతేమీ కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వచ్చే సరుకు పెరిగింది, లారీలు పెరిగాయి, చుట్టూ నగరం పెరిగింది. చోటు మాత్రం పెరగలేదు. దాంతో మార్కెట్‌ను కోహెడకు తరలించాలని నిర్ణయించి, ఇక్కడ దాదాపు 178 ఎకరాలు కేటాయించారు. 2020లో కరోనా సమయంలో మామిడి సీజన్‌ కోసం తాత్కాలిక షెడ్లు వేసి, హడావుడిగా కొనుగోళ్లు ఇక్కడికి మార్చారు. ఆ మే నెల మొదట్లోనే వచ్చిన గాలివానకు షెడ్లు కూలిపోయాయి. పలువురు గాయపడ్డారు. వ్యాపారం మళ్లీ గడ్డిఅన్నారం చేరింది. ఆ తర్వాత బాటసింగారంలోని లాజిస్టిక్స్‌ పార్కుకు వెళ్లింది. చోటు పెంచడం ఒక్కటే చాలదు, గాలివాననూ బరువునూ కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలని ఆ సీజన్‌ చెప్పింది. కారు చక్రం దగ్గరా అదే పాఠం.

ఆ ఖాళీ ఎందుకు?

నిలబెట్టిన కారును పక్క నుంచి చూస్తే టైరు పైభాగానికీ, దాని మీది రేకుకీ మధ్య కొంత సందు కనిపిస్తుంది. మనం మడ్‌గార్డ్‌ అనీ, షాపుల్లో ఫెండర్‌ అనీ పిలిచే రేకు అది. సరదాపడే కుర్రాళ్లకు ఆ ఖాళీ నచ్చదు. ‘చక్రం చిన్నగా, బోసిగా ఉంది’ అంటారు. ఆ సందు నిండుగా కనిపించాలని పెద్ద చక్రం, వెడల్పు టైరు వేయిస్తారు.

నిజానికి అది వృథా చోటు కాదు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను కలిస్తే మూడు నాలుగు వందల కిలోల బరువు. ఆ బరువుకు కారు వెనకభాగం కిందికి కూర్చుంటుంది. అంటే టైరు అంతమేర రేకు దగ్గరకు వచ్చినట్టే. గుంతలో పడినప్పుడు స్ప్రింగు నొక్కుకుని చక్రం ఇంకా పైకి వస్తుంది. మలుపులో కారు ఒరిగితే ఓ పక్క చక్రం మరింత లోపలికి దూరుతుంది. ముందు చక్రాలైతే స్టీరింగ్‌ పూర్తిగా తిప్పినప్పుడు ముందుకూ వెనక్కూ తిరుగుతూ లోపలి ప్లాస్టిక్‌ లైనర్‌ వైపు వస్తాయి. ఇవన్నీ ఒకేసారి జరిగినా ఎక్కడా తగలకూడదు. అందుకే ఆ ఖాళీ. ఒక్క మాటలో చెప్పాలంటే, అది నిండు కారు కోసం వదిలిన చోటు. మనం మాత్రం షాపు ముందు నిలబెట్టిన ఖాళీ కారును చూసి చక్రం ఎంచుకుంటాం!

తగిలితే ఏమవుతుంది? మొదట చప్పుడు. తర్వాత టైరు భుజం మీద సన్నటి గీత. రేకు లోపలి అంచు ఎప్పుడూ ఒకే చోట రాసుకుంటుంటే రబ్బరు తెగుతూ పోతుంది. లోపలి దారాల పొర దాకా వెళ్లిందంటే టైరు బలం పోయినట్టే. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గాయం తగిలేది ఊరి దారిలో, ఇరవై కిలోమీటర్ల వేగంలో. బలహీనపడిన టైరు పేలే అవకాశం ఎక్కువగా ఉండేది మాత్రం సాయంత్రం తిరుగు ప్రయాణంలో, అవుటర్‌ మీద వంద కిలోమీటర్ల వేగంలో. అప్పుడు వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉంటారు.

మిల్లీమీటర్ల లెక్క

టైరు పక్కన రాసి ఉండే అంకెలు చదవడం వస్తే సగం సమస్య షాపులోనే తీరిపోతుంది. చాలా కార్లకు వచ్చే 185/65 ఆర్‌15 సైజునే తీసుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 15 అంటే లోపలి రిమ్ము అడ్డకొలత అంగుళాల్లో. లెక్కవేస్తే మొత్తం చక్రం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు.

దీని బదులు 205/65 ఆర్‌15 వేశారనుకుందాం. ఎత్తు సుమారు 647 అవుతుంది. అంటే ఇరుసు నుంచి పైకి 13 మిల్లీమీటర్లు పెరిగినట్టు. వెడల్పు 20 పెరిగింది కాబట్టి లోపలికి 10, బయటికి 10. చక్రం పెద్దదైతే మీటరు కూడా తప్పు చూపిస్తుంది. ముల్లు 100 దగ్గర ఉంటే కారు నిజంగా నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. అదే 205/55 ఆర్‌16 వేస్తే రిమ్ము పెద్దదైనా పక్కగోడ తగ్గుతుంది కాబట్టి మొత్తం ఎత్తు 632 దగ్గరే ఆగుతుంది. వెడల్పు మాత్రం అంతే పెరుగుతుంది.

చాలామంది అడగని అంకె ఇంకోటుంది. అది రిమ్ము ఆఫ్‌సెట్‌. బోల్టులు బిగించే ముఖం రిమ్ము నడిమికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత. కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్‌ 45 ఉండి, కొత్త రిమ్ముది 35 అయితే చక్రం మొత్తం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. దానికి వెడల్పు టైరు బయటి వైపు 10 కలిస్తే 20. ఓ వేలెడు మందం! ఆ వేలెడే రేకు అంచుకు తగిలేది. రిమ్ముకూ హబ్బుకూ మధ్య స్పేసర్లు పెట్టి చక్రాన్ని బయటికి తెస్తే ఆ మందం కూడా ఈ లెక్కలోనే కలుస్తుంది.

ఆటోనగర్‌ వైద్యం

కోహెడ నుంచి నగరంలోకి వస్తుంటే వనస్థలిపురం దగ్గర, విజయవాడ జాతీయ రహదారి పక్కన ఆటోనగర్‌. చేరువలోనే జింకలు తిరిగే మహావీర్‌ హరిణ వనస్థలి. ఓవైపు చెట్ల నీడ, మరోవైపు సుత్తుల మోత! విజయవాడ ఆటోనగర్‌ లాగానే ఇదీ బండ్లకు ఆసుపత్రి. రేకుపని చేసే డెంటింగ్‌ మేస్త్రీలు, పెయింటర్లు, వెల్డర్లు, టైర్ల షాపులు... ఎవరి విద్య వారిది.

రేకుపని బాగా తెలిసిన మేస్త్రీ ముందు సుత్తి పట్టడు. టైరు చుట్టూ చాక్‌పీసుతో గీస్తాడు. డిక్కీలో బరువు వేయించి, మనుషుల్ని ఎక్కించి, ఎత్తుపల్లాల మీద ఓ చుట్టు తిప్పి రమ్మంటాడు. చాక్‌పీసు గీత ఎక్కడ చెరిగిందో అక్కడే రోగం. జాకీతో ఓ పక్క లేపి, రెండో పక్క చక్రం ఎంత లోపలికి వెళ్తోందో కూడా చూస్తాడు. తగిలేది రేకు అంచుకా, లోపలి ప్లాస్టిక్‌ లైనర్‌కా, ఊడి వేలాడుతున్న క్లిప్పుకా అనేది తేల్చకుండా చేసే వైద్యం దండగ.

లైనర్‌ జారి ఉంటే బిగిస్తే సరిపోతుంది. స్ప్రింగులు అలిసిపోయి కారు కిందికి కూర్చుంటే వాటిని మార్చాలి. స్పేసర్లు ఉంటే తీసేయాలి. రిమ్ము ఆఫ్‌సెట్‌ తప్పైతే సరైన రిమ్ము తెచ్చుకోవడమే మందు. ఇవేవీ కాకుండా, నిజంగా రేకు అంచే అడ్డమైతేనే దాని మీద చేయి వేసేది.

రేకు అంచు లోపలి వైపు సన్నటి పెదవిలా మడత పెట్టి ఉంటుంది. రేకుకు బిగువునిచ్చేది ఆ మడతే. టైరుకు కత్తిలా తగిలేదీ అదే. దాన్ని పైకి, లోపలికి వత్తి రేకుకు ఆనించడమే ఫెండర్‌ రోలింగ్‌. ఇందుకోసం ఓ పనిముట్టు ఉంది. చక్రం విప్పేసి, హబ్బుకు దీన్ని బిగిస్తారు. పొడవాటి చేతి చివర గట్టి రోలర్‌ ఉంటుంది. హీట్‌గన్‌తో రంగును వెచ్చబరుస్తూ, రోలర్‌ను అంచు పొడవునా ముందుకూ వెనక్కూ తిప్పుతారు. ప్రతి విడతకూ కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతారు. మొదటి సూత్రం ఓపిక. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు చల్లగా ఉంటే పెచ్చులూడుతుంది, మరీ కాలితే పొంగుతుంది. తొందరపడితే బయటి రేకు మీద అలలు పడతాయి. వాటిని పుట్టీతో కప్పి రంగు వేయాలంటే ఖర్చు రెట్టింపు. పనిముట్టు లేనిచోట టైరుకూ రేకుకూ మధ్య గుండ్రటి కర్ర దూర్చి, కారును ముందుకూ వెనక్కూ తోసే పాత పద్ధతీ ఉంది. దాంతో పని చప్పున అవుతుంది, అంచు సొట్టలూ అంతే చప్పున పడతాయి.

మడత వత్తడంతో సరిపోకపోతే రేకునే కొద్దిగా బయటికి లాగుతారు. అదీ చాలకపోతే రేకు కోసి, పైన వెడల్పాటి అంచులు బిగిస్తారు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెనక్కి రావడం కష్టం.

ముందు రేకు వేరు... వెనక రేకు వేరు

రేకుపని గురించి కారు యజమాని తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. చాలా కార్లలో ముందు ఫెండర్‌ బోల్టులతో బిగించిన విడి భాగం. పాడైతే విప్పి, కొత్తది వేసుకోవచ్చు. వెనకది అలా కాదు. అది కారు ఒంట్లో భాగం, వెల్డింగ్‌తో కలిసిపోయి ఉంటుంది. చక్రం పైన ఉండే ఆ అంచు దగ్గరే బయటి రేకూ, లోపలి రేకూ కలుస్తాయి. రెండింటినీ స్పాట్‌ వెల్డింగ్‌తో అతికి, మధ్యలో నీరు దూరకుండా సీలెంట్‌ పూస్తారు. మొరటుగా వత్తితే సీలెంట్‌ పగులుతుంది. కోస్తే అతుకే పోతుంది.

ఆ పగులు కంటికి కనిపించదు. వానాకాలంలో ఊరి దారి ఎర్రమట్టి, నీళ్లు టైరు చిమ్మినప్పుడల్లా ఆ సందులోకి వెళ్తాయి. అక్కడి తడి త్వరగా ఆరదు. కొంతకాలానికి అంచు మీద రంగు పొక్కుతుంది. పొక్కు గీకితే కింద తుప్పు! అందుకే మంచి మేస్త్రీ పని అయ్యాక అంచు లోపలంతా శుభ్రంచేసి, ప్రైమర్‌ వేసి, సీలెంట్‌ మళ్లీ పూసి గానీ చక్రం బిగించడు. ‘బయటికి కనిపించదు కదా’ అని వదిలేసిన పని రెండు మూడు వానాకాలాల తర్వాత బయటికి కనిపిస్తుంది.

జపాన్‌ నుంచి బహదూర్‌పురా దాకా

చక్రం కోసం రేకు పెంచడం పందెపు కార్లతో బాగా పేరుకెక్కిన విద్య. మలుపుల్లో పట్టు కోసం వెడల్పు టైర్లు వేసి, వాటిని కప్పడానికి ఉబ్బెత్తు ఫెండర్లు పెట్టేవారు. జపాన్‌కు చెందిన నకాయ్‌ అకిరా ఈ పనికే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. పాత పోర్షే 911 కార్ల ఫెండర్లను తన చేత్తోనే కోసి, వెడల్పాటివి బిగిస్తారు. పిలిచిన దేశానికి వెళ్లి మరీ చేస్తారు. ఆ కోత చూసి కొందరు అబ్బురపడతారు, ‘అంత ఖరీదైన కారును కోయడమా’ అని కొందరు గుండెలు బాదుకుంటారు.

కారు ఒంటికి కొత్త రూపమివ్వడంలో హైదరాబాద్‌ కూడా తక్కువేం తినలేదు. బహదూర్‌పురాలో 2010లో మొదలైన సుధా కార్ల మ్యూజియంలో బూటు, బ్యాటు, బర్గర్‌ ఆకారాల్లో నడిచే కార్లు ఉన్నాయి. వాటిని తయారుచేసిన కె.సుధాకర్‌ 2005లో అతిపెద్ద మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్‌ రికార్డు కూడా సాధించారు. అక్కడ చక్రాలకు తగ్గట్టుగా ఒళ్లే కొత్తగా తయారైంది. అయితే అవి చూసి ఆనందించే బండ్లు. పిల్లల్ని ఎక్కించుకుని రోజూ రోడ్డెక్కే కారు సంగతి వేరు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌ ప్రకారం రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా లేదా రెండూ పడొచ్చు. రంగు వేయించడం లాంటి చిన్న మార్పుల సంగతి వేరు, రేకు కోసి కారు వెడల్పు పెంచడం వేరు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం జరిగాక క్లెయిము దగ్గర అడ్డం తిరగొచ్చు.

జర్మనీలో ఇలాంటి మార్పులకు టీయూవీ లాంటి సంస్థల తనిఖీ ఉంటుంది. వారు సరేనంటేనే ఆ చక్రంతో రోడ్డెక్కాలి. మన దగ్గర మామూలు కుటుంబానికి తేలికైన దారి ఒకటుంది. అదే మోడల్‌లో పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చే చక్రం సైజు ఏమిటో చూసుకోవడం. దానికి కావల్సిన ఖాళీని కంపెనీయే లెక్కవేసి ఉంటుంది.

నిండు కారే గీటురాయి

మళ్లీ కోహెడ దారికి వద్దాం. ప్లాటు దగ్గర మొక్కలు నాటడం అయింది. చాప పరిచి భోజనాలూ చేశారు. ఎండ తగ్గాక ఇంటాయన కారు వెనక్కి వెళ్లి, వంగి చక్రం పైన చేయిపెట్టి చూశాడు. పొద్దున అందరూ దిగగానే కారు పైకి లేచింది, ఇప్పుడు చూస్తే వేలెడు సందు ఉండనే ఉంది. టైరు భుజం మీద మాత్రం మెరుస్తున్న సన్నటి గీత. వేలితో తడిమాడు. లోతుగా దిగలేదు, దారాలు బయటపడలేదు.

‘‘రాయి కాదమ్మా, టైరే తగులుతోంది’’ అన్నాడు.

‘‘పొద్దుగాలనే దిగి చూస్తే అయిపోవు గద బిడ్డా!’’

సామాన్లలో కొన్నింటిని డిక్కీలోంచి తీసి ముందు కాళ్ల దగ్గర సర్దారు. స్పీడ్‌బ్రేకర్ల దగ్గర నడక వేగానికి తగ్గించారు. అవుటర్‌ ఎక్కకుండా విజయవాడ రహదారి మీదుగా నిదానంగా ఇల్లు చేరారు. మర్నాడు కారు పాత చక్రాలతో ఆఫీసుకు వెళ్లింది. కొత్తవి షాపుకు తిరిగి వెళ్లాయి, ఈసారి ఆఫ్‌సెట్‌ అంకె కాగితం మీద రాసుకుని మరీ.

ఆ తర్వాతి ఆదివారం కారు మళ్లీ నిండుగా కోహెడ దారి పట్టింది. మొదటి స్పీడ్‌బ్రేకర్‌ దగ్గర అందరూ చెవులు రిక్కించారు. టైరు నుంచి ఏ చప్పుడూ రాలేదు. డిక్కీలో మంచినీళ్ల క్యాను మాత్రం ఓసారి కదిలి ఊరుకుంది.

వెడల్పు చక్రాలు వేయించేముందు...

* టైరు సైజుతో పాటు రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్‌ కూడా అడగండి. పాతవాటితో పోల్చి చూడండి.
* అదే మోడల్‌ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజును దాటకపోవడం మేలు.
* డబ్బు కట్టేముందే మనుషులు, సామానుతో కారును నింపి, గుంతల దారిలో తిప్పి చూడండి. రెండు వైపులా స్టీరింగ్‌ పూర్తిగా తిప్పండి.
* చప్పుడు వస్తే వెంటనే ఆపి టైరు భుజాన్ని, లోపలి వైపును తడిమి చూడండి. దారాలు కనిపిస్తే ఆ టైరుతో ప్రయాణం వద్దు.
* రేకు అంచు వత్తించాల్సి వస్తే, పని అయ్యాక ప్రైమర్‌, సీలెంట్‌ వేశారో లేదో దగ్గరుండి చూసుకోండి. తర్వాత వీల్‌ అలైన్‌మెంట్‌ చేయించండి.